మూడో కుర్చీ జమాఖర్చులు: కాక్‌పిట్‌లో ఫ్లైట్ ఇంజనీర్ పని ఎటు పోయింది
(ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం.

ఫ్లైట్ ఇంజనీర్ అనగానే విమానంలో స్పానర్ పట్టుకుని తిరిగే మెకానిక్ అనుకుంటారు చాలామంది. అది కాదు. విమానం గాల్లో ఉండగా స్పానర్‌తో చేసే పని దాదాపు ఏమీ ఉండదు. ఆయన కాక్‌పిట్ సిబ్బందిలో ఒకరు, లైసెన్స్ ఉన్న మనిషి. మన దేశంలో కూడా పైలట్ లైసెన్స్ వేరు, ఫ్లైట్ ఇంజనీర్ లైసెన్స్ వేరు.

ఎయిర్ ఇండియాకు 1971లో వచ్చిన మొదటి జంబో, బోయింగ్ 747-200 రకం, దాని కాక్‌పిట్ ఫొటో ఒకటి వెతికి చూడండి. ముందు ఇద్దరు పైలట్లు. వాళ్ళ వెనక కుడి పక్కన మూడో కుర్చీ. టేకాఫ్‌కీ ల్యాండింగ్‌కీ అది ముందుకు తిరిగి, రెండు పైలట్ కుర్చీల మధ్యకు వస్తుంది. పైకి వెళ్ళాక కుడి గోడ వైపు తిరుగుతుంది. ఆ గోడ నిండా మీటర్లు, స్విచ్‌లు, లైట్లు. అదే విమానం 1989లో 747-400గా సర్వీసులోకి వచ్చేసరికి ఆ గోడ లేదు, ఆ కుర్చీ లేదు. పాత కాక్‌పిట్‌లో లైట్లు, మీటర్లు, స్విచ్‌లు కలిపి 971 ఉంటే కొత్తదాంట్లో 365 మిగిలాయని బోయింగ్ లెక్క.

ఈ మార్పును "కంప్యూటర్ వచ్చింది, మనిషి పోయాడు" అని ఒక్క ముక్కలో తేల్చేస్తుంటారు. నాకు అది సరిపోదనిపిస్తుంది. ఆ కుర్చీలో కూర్చున్న మనిషి మూడు పనులు చేసేవాడు. ఒకటి, మీటలు తిప్పడం. రెండు, మీటర్లు చూడటం. మూడు, లెక్క సరిచూడటం, అంటే మన ఊళ్ళో షావుకారు సాయంత్రం జమాఖర్చులు సరిచూసుకున్నట్టు. మొదటి రెండు పనులు కంప్యూటర్‌కు త్వరగానే అబ్బాయి. మూడోది అబ్బడానికి చాలా ఆలస్యమైంది. ఆ ఆలస్యానికి విమానాలు మూల్యం చెల్లించాయి. ఈరోజు నా మాటల్లో ఎక్కువ భాగం ఈ మూడోదాని గురించే.

ముందు, అసలు ఈ మనిషి అవసరం ఎందుకొచ్చింది? 1929లో జర్మనీలో డోర్నియర్ డూ-ఎక్స్ అనే నీటి విమానం ఎగిరింది. దానికి 12 ఇంజన్లు. పన్నెండు ఇంజన్ల మీటర్లు పైలట్ ముందు పెడితే బయటికి చూసే తీరికే ఉండదు. అందుకని ఓడల్లోలాగా వెనక ఇంజన్లకు వేరే గది పెట్టి, అక్కడ ఇంజనీర్‌ను కూర్చోబెట్టారు.

తర్వాత పెద్ద పిస్టన్ ఇంజన్ల కాలం. 1948 జూన్ 8న ఎయిర్ ఇండియా ఇంటర్నేషనల్ 'మలబార్ ప్రిన్సెస్' బొంబాయి నుంచి కైరో, జెనీవాల మీదుగా లండన్ వెళ్ళింది. అది లాక్‌హీడ్ కాన్‌స్టెలేషన్. నాలుగు రైట్ ఆర్-3350 ఇంజన్లు, ఒక్కోదానికి 18 సిలిండర్లు. ఈ ఇంజన్‌కు వేడి అంటే పడదు. గాలీ పెట్రోలూ కలిసిన మిక్శ్చర్‌లో పెట్రోల్ ఎక్కువైతే ప్లగ్‌లకు మసి పడుతుంది, దూరం వెళ్ళడానికి ఇంధనం చాలదు. తక్కువైతే సిలిండర్ హెడ్ వేడెక్కి, ఇంధనం ఒక్కసారిగా పేలే డిటొనేషన్ మొదలై, ఎగ్జాస్ట్ వాల్వ్ కాలిపోతుంది. చల్లబరుద్దామని కౌల్ ఫ్లాప్‌లు, అంటే ఇంజన్ కప్పుకున్న చిన్న రేకు తలుపులు, తెరిస్తే గాలి అడ్డుపడి వేగం తగ్గుతుంది. మూస్తే మళ్ళీ వేడి. ఎత్తు పెరిగితే ఇంజన్‌లోకి గాలి కుక్కే సూపర్‌చార్జర్ గేరు మార్చాలి. కార్బురేటర్‌లో మంచు కడితే వేడి గాలి ఇవ్వాలి. ఇదంతా ఇంటూ నాలుగు, పది పన్నెండు గంటల పాటు. పైలట్‌కు ఇది పక్కపని కాలేదు.

తర్వాత తరం సూపర్ కాన్‌స్టెలేషన్‌లో ఇగ్నిషన్ ఎనలైజర్ అని చిన్న గుండ్రటి తెర ఉండేది. సిలిండర్‌కు రెండు స్పార్క్ ప్లగ్‌లు. నాలుగు ఇంజన్లకూ లెక్కేస్తే 144. ఇంజనీర్ సెలెక్టర్ తిప్పుకుంటూ ఒక్కో ప్లగ్ వెలుగు గీతను తెర మీద చూసేవాడు. మూడో ఇంజన్‌లో ఏడో సిలిండర్ ముందు ప్లగ్ సరిగ్గా కొట్టడం లేదని గాల్లోనే తెలిసిపోయేది. దిగగానే మెకానిక్ నేరుగా ఆ ప్లగ్ దగ్గరికే వెళ్ళేవాడు. ఇప్పుడు మనం హెల్త్ మానిటరింగ్ అని గొప్పగా చెప్పుకునే పనికి ఆ తెరే తాత.

1948 చివర్లో అమెరికా ఒక రూలు పెట్టింది. 80,000 పౌండ్లు, అంటే సుమారు 36,300 కిలోలు దాటిన విమానంలో ఫ్లైట్ ఇంజనీర్ ఉండి తీరాలి. నా దృష్టిలో అది మొదటినుంచీ వంకర రూలే. బరువుకూ పనిభారానికీ నేరుగా సంబంధం లేదు. కానీ దాని పుణ్యమా అని పదిహేనేళ్ళకు పైగా ప్రపంచమంతా పెద్ద విమానాలను మూడో కుర్చీ పెట్టే గీసింది. 1960ల మధ్యలో బరువు కొలత తీసేసి, ఒక్కో విమానాన్ని దాని పనిభారాన్ని బట్టి పరీక్షించే పద్ధతి తెచ్చారు. అసలు తలుపు తెరుచుకున్నది అక్కడ.

ఈలోపు జెట్‌లు వచ్చాయి. ఎయిర్ ఇండియా మొదటి 707 వచ్చింది 1960లో. జెట్ ఇంజన్‌కు మిక్శ్చర్ లేదు, కౌల్ ఫ్లాప్ లేదు, ప్రొపెల్లర్ లేదు, ప్లగ్ అవసరం స్టార్టింగ్‌లోనే ఎక్కువ. ఒక్క మీట చాలు. ఇంజన్ పని తేలికైంది. కానీ మిగతా విమానం బరువెక్కింది: కేబిన్ ప్రెషర్, హైడ్రాలిక్స్, 115 వోల్టుల ఏసీ కరెంటు, గంపెడు ఇంధన ట్యాంకులు. దాంతో ఇంజన్ల మనిషి కాస్తా సిస్టమ్స్ మనిషి అయ్యాడు. పేరు మారలేదు కానీ ఉద్యోగం మారిపోయింది.

747-200 ప్యానెల్ మీద రెండు పనులు దగ్గర్నుంచి చూద్దాం.

మొదటిది కరెంటు. విమానంలో ఏసీ సెకనుకు 400 సైకిల్స్ ఉండాలి. జనరేటర్‌కు మూడు జతల పోల్స్ ఉంటే నిమిషానికి 8,000 చుట్లు తిరగాలి. అప్పుడే 8,000ను 3తో హెచ్చించి 60తో భాగిస్తే 400 వస్తుంది. కానీ ఇంజన్ వేగం ఒకేలా ఉండదు కదా. అందుకని మధ్యలో కాన్‌స్టంట్ స్పీడ్ డ్రైవ్, సీఎస్‌డీ అని హైడ్రాలిక్ గేర్‌బాక్స్ లాంటిది పెడతారు. ఇంజన్ ఎంత తిరిగినా జనరేటర్‌ను ఒకే వేగంలో తిప్పుతుంది. నాలుగు జనరేటర్లను ఒకే బస్ మీద, అంటే కరెంటు పంచే ఉమ్మడి తీగ మీద కలపాలంటే వేగం సమానమైతే చాలదు, తరంగాల అడుగు కూడా కలవాలి. పాత తరం జెట్‌లలో ఇందుకు రెండు సింక్రొనైజింగ్ లైట్లు ఉండేవి. ఫ్రీక్వెన్సీల్లో తేడా ఉంటే అవి వెలుగుతూ ఆరుతూ ఉంటాయి. ఫ్రీక్వెన్సీ నాబ్ మెల్లగా తిప్పి, ఆ మినుకు నెమ్మదించాక, రెండూ ఆరిన క్షణంలో బ్రేకర్ వెయ్యాలి. వెలిగి ఉండగా వేస్తే జనరేటర్ ఒక్కసారి కుదుపు తిని బ్రేకర్ ట్రిప్ అవుతుంది. ఇక సీఎస్‌డీలో నూనె వేడెక్కినా, నూనె ప్రెషర్ పడిపోయినా, గార్డ్ ఎత్తి డిస్‌కనెక్ట్ స్విచ్ వెయ్యాలి. తంటా ఏమిటంటే, ఒకసారి విడగొడితే గాల్లో మళ్ళీ కలపడం కుదరదు. కింద దిగాక మెకానిక్ కలపాల్సిందే. అందుకే ఇంజనీర్లు ఆ స్విచ్ ముట్టుకునే ముందు ఇంజన్ నంబరు పైకి చదివి, పైలట్ చేత ఔననిపించుకునేవారు. మూడో సీఎస్‌డీ వేడెక్కితే పొరపాటున రెండోది విడగొట్టేస్తే ఒక్క దెబ్బకు రెండు జనరేటర్లు పోయినట్టే.

రెండోది ఇంధనం. ఏడు ట్యాంకులు: రెక్కల్లో నాలుగు మెయిన్, చివర్ల రెండు రిజర్వ్, పొట్టలో ఒక సెంటర్. మొత్తం దాదాపు రెండు లక్షల లీటర్లు. ముందు సెంటర్ ట్యాంకు ఖాళీ చెయ్యాలి, తర్వాత లోపలి మెయిన్ ట్యాంకులు బయటివాటితో సమానమయ్యేదాకా వాడాలి, ఆ తర్వాత ఏ ట్యాంకు ఆ ఇంజన్‌కే. ఈ వరస ఎందుకు? రెక్కను గాలి పైకి వంచుతుంటుంది. రెక్కలో ఉన్న ఇంధనం బరువు దాన్ని కిందికి పట్టి ఉంచుతుంది. రెక్క ముందే ఖాళీ అయితే అది పొట్టకు అతికే మొదలు దగ్గర వంపు ఒత్తిడి ఎక్కువవుతుంది. కాబట్టి పొట్టలోది ముందు, రెక్క చివరిది ఆఖరు.

ఇప్పుడు అసలు విషయం. గంటకోసారి ఇంజనీర్ లాగ్ షీట్ మీద ఒక చిన్న కూడిక వేసేవాడు. ట్యాంకు మీటర్లు చూపే మిగులు ఒక పక్క. ఇంజన్ల ఫ్లో మీటర్లు లెక్కపెట్టిన వాడకం ఇంకో పక్క. రెండూ కలిపితే బయల్దేరేటప్పుడు నింపిన మొత్తం రావాలి. ఉదాహరణకు 120 టన్నులతో బయల్దేరాం, వాడకం 70 టన్నులు, మీటర్లలో మిగులు 50 ఉండాలి. 49.5 ఉంటే మీటర్ తేడా. 44 ఉంటే? ఆరు టన్నులు ఇంజన్‌లో కాలకుండా ఎక్కడికో పోయాయన్నమాట. అంటే లీకు. నాలుగో తరగతి కూడికే, కాదనను. కానీ తప్పనిసరిగా గంటగంటకీ వెయ్యడమే దాని బలం. బండి సాఫీగా పోతున్నప్పుడు కూడా అనుమానపడే మనిషికి జీతం ఇచ్చి కూర్చోబెట్టడమన్నమాట.

కుర్చీ తీసేసిన వరస తొందరగా చెప్తాను, ఇది చాలాచోట్ల రాసే ఉంది. డీసీ-9, బోయింగ్ 737 ఇద్దరు పైలట్లకే గీసిన విమానాలు. యూనియన్లు గట్టిగా పోట్లాడాయి. 737లో కొన్నేళ్ళపాటు మూడో మనిషిని జంప్ సీట్లో కూర్చోబెట్టిన సంస్థలు కూడా ఉన్నాయి, చెయ్యడానికి పని లేకపోయినా. 1981లో రీగన్ నియమించిన టాస్క్‌ఫోర్స్ ఇద్దరితో నడపడం సురక్షితమేనని తేల్చింది. అప్పటికే ముగ్గురికి గీసి కడుతున్న 767లను బోయింగ్ ఇద్దరికి మార్చింది. ఆస్ట్రేలియా ఆన్‌సెట్ మాత్రం యూనియన్‌తో ఒప్పందం వల్ల 767లో కూడా ఇంజనీర్ ప్యానెల్ పెట్టించుకుంది. ఎయిర్‌బస్ ఏ300లో కూడా అందరూ ముందుకే చూసే కాక్‌పిట్ అని ఇద్దరి రకం తెచ్చి, 1982లో ఇండోనేషియా గరుడకు మొదట ఇచ్చింది. మన ఇండియన్ ఎయిర్‌లైన్స్ 1976 నుంచి నడిపిన ఏ300లు మాత్రం ముగ్గురి రకమే.

కొత్త విమానంలో సీఎస్‌డీ, జనరేటర్ ఒకే పెట్టెలో చేరాయి, సింక్రొనైజింగ్ దానంతటదే జరుగుతుంది. ఇంధనం వరస చాలావరకు కంప్యూటర్ చూసుకుంటుంది. ఇంజన్ హద్దు దాటకుండా ఫాడెక్ అనే ఇంజన్ కంప్యూటర్ కాపు కాస్తుంది. మీటర్లు తెర లోపలికి పోయాయి. అంతా బాగుంటే చీకటి, ఏదైనా చెడితేనే వెలుగు: ప్రమాదమైతే ఎరుపు, జాగ్రత్త పడాల్సిందైతే కాషాయం. మంచి సూత్రమే. అయితే అందులో ఒక మెలిక ఉంది. హద్దు దాటితేనే తెర నోరు విప్పుతుంది. హద్దు లోపలే ఏదో తేడాగా ఉంటే, దాన్ని పట్టించుకునే బాధ్యత ఎవరిది?

2001 ఆగస్టు 24. ఎయిర్ ట్రాన్సాట్ 236, టొరంటో నుంచి లిస్బన్, ఏ330, అందులో 306 మంది. కొద్దిరోజుల ముందు కుడి ఇంజన్ మార్చారు. వచ్చిన ఇంజన్ పాత మోడల్ స్థితిలో ఉంటే, దానికి సరిపోని హైడ్రాలిక్ పైపు వేశారు. అది ఇంధనం పైపుకు రాసుకుని, అట్లాంటిక్ మీద ఉండగా ఇంధనం పైపు చీలింది. కాక్‌పిట్‌లో మొదట కనిపించింది ఇంధనం సంగతి కాదు. కుడి ఇంజన్ నూనె ఉష్ణోగ్రత తక్కువ, నూనె ప్రెషర్ ఎక్కువ. విచిత్రమైన జోడీ. ఎందుకలా? ఇంజన్ నూనెను ఇంధనంతోనే చల్లబరుస్తారు. లీకు వల్ల ఆ కూలర్ గుండా మామూలు కంటే చాలా ఎక్కువ ఇంధనం పారింది. నూనె అతిగా చల్లబడి చిక్కబడింది, చిక్కబడితే ప్రెషర్ పెరుగుతుంది. ఏ హద్దూ దాటలేదు. పైలట్లు ఇది సెన్సర్ తేడా అనుకున్నారు, కింద ఉన్న మెయింటెనెన్స్ సెంటర్‌కూ అంతు చిక్కలేదు.

దాదాపు అరగంట తర్వాత కుడి, ఎడమ రెక్కల ఇంధనంలో తేడా ఉందని సందేశం వచ్చింది. అలవాటైన పనే కదా అని చెక్‌లిస్ట్ తియ్యకుండా రెండు వైపుల ఇంధనాన్ని కలిపే క్రాస్‌ఫీడ్ తెరిచారు. అంటే ఎడమ రెక్కలో ఉన్న మంచి ఇంధనాన్ని చీలిన పైపుకు అప్పజెప్పారన్నమాట. లీకు అనుమానముంటే క్రాస్‌ఫీడ్ తెరవొద్దన్న హెచ్చరిక ఆ చెక్‌లిస్ట్‌లోనే ఉంది. ఒకదాని వెనక ఒకటి రెండు ఇంజన్లూ ఆగాయి. ఇంజన్ లేకుండా 19 నిమిషాలు జారుకుంటూ వచ్చి అజోర్స్ దీవుల్లో లాజెస్ రన్‌వే మీద దించారు. అందరూ బతికారు. దించిన నేర్పును ఎవరూ కాదనరు.

పాత లాగ్ షీట్ కూడిక గుర్తు చేసుకోండి. మిగులు, వాడకం కలిపి నింపినదానితో పోల్చి ఉంటే లీకు ముందే బయటపడేది. లెక్కకు కావలసిన అంకెలన్నీ ఆ కాక్‌పిట్‌లోనే ఉన్నాయి. కూడమని అడిగే మనిషి పోయాడు, కూడాలని యంత్రానికి ఇంకా ఎవరూ నేర్పలేదు. ఇప్పుడు ఎయిర్‌బస్‌ల్లో వాడకం, మిగులు పొసగకపోతే తెర మీద సందేశం వస్తుంది. బోయింగ్ 777లో కూడా 'ఫ్యూయల్ డిస్ఎగ్రీ' అని ఉంది. ఒక చిన్న జాగ్రత్త: లీకు ఫ్లో మీటర్ దాటాక ఉంటే, కారిన ఇంధనం కూడా వాడకంలోనే జమ అవుతుంది. లెక్క చక్కగా సరిపోతుంది. అప్పుడు రెండు ఇంజన్ల ఫ్లో పక్కపక్కన పెట్టి చూడాలి. పరీక్షల్లో ఈ ప్రశ్న అడిగితే పిల్లలు ఎక్కువగా తప్పేది ఇక్కడే.

ఇంకో రకం నష్టం 2005 ఆగస్టు 14న సైప్రస్ హీలియోస్ 737లో జరిగింది. రాత్రి నేల మీద లీక్ పరీక్ష కోసం కేబిన్ ప్రెషర్ సెలెక్టర్‌ను ఆటో నుంచి మాన్యువల్‌కు మార్చారు, అది అలాగే ఉండిపోయింది. బయల్దేరే ముందు, స్టార్ట్ అయ్యాక, టేకాఫ్ తర్వాత, మూడుసార్లు పట్టుకునే అవకాశం ఉంది. మూడుసార్లూ జారిపోయింది. కేబిన్‌లో ప్రెషర్ లేదని హారన్ మోగితే టేకాఫ్ కాన్ఫిగరేషన్ హెచ్చరిక అనుకున్నారు, రెండిటికీ ఒకే మోత కాబట్టి. గాలి చాలక స్పృహ తప్పారు, విమానం కూలి 121 మంది పోయారు. మూడు కుర్చీల విమానంలో కేబిన్ ఎత్తు మీటర్ ఒకరి కళ్ళ ఎదుట, ఆయన ముఖ్యమైన పనుల్లో ఒకటిగా ఉండేది. తర్వాత ఆ ప్యానెల్ పైలట్ల నెత్తి మీదికి, ఓవర్‌హెడ్‌కు వెళ్ళింది. పని ఇద్దరిదీ అయింది. ఇద్దరిదీ అన్న పని ఎవరిదో మనకు తెలుసు కదా.

మరి ముగ్గురుంటే చాలా? చాలదు. 1977 మార్చి 27న టెనరిఫేలో, ఎదురుగా ఆ పాన్ అమెరికన్ జంబో ఇంకా రన్‌వే మీదే ఉందేమోనని, టేకాఫ్ మొదలుపెట్టిన కేఎల్ఎం జంబోలో ఇంజనీర్ అడిగాడు. లేదని గట్టిగా జవాబు. రెండూ ఢీకొని 583 మంది పోయారు. 1978 జనవరి 1న మన 'ఎంపరర్ అశోక' బొంబాయి నుంచి లేచిన కాసేపటికే, చీకటి సముద్రం మీద విమానం వాలు చూపే, కెప్టెన్ ముందున్న హొరైజన్ మీటర్ కుడివైపు వాలినట్టు ఇరుక్కుపోయింది. దాన్ని నమ్మి విమానాన్ని ఎడమకు వంచుతూ పోయారు. దాన్ని నమ్మొద్దని చెప్పబోయింది వెనక కూర్చున్న ఇంజనీరే. సమయం చాలలేదు. 213 మంది పోయారు. అదే సంవత్సరం డిసెంబరు 28న పోర్ట్‌లాండ్‌లో యునైటెడ్ 173 చక్రాల గేరు సమస్య చూసుకుంటూ తిరిగి తిరిగి ఇంధనం అయిపోయి పడింది. ఇంజనీర్ చెప్పాడు, కానీ మెత్తగా చెప్పాడు. సీఆర్ఎం, అంటే కాక్‌పిట్ సిబ్బంది ఒకరి మాట ఒకరు వినిపించుకుని కలిసి పనిచేసే శిక్షణకు దారి పడింది ఆ ప్రమాదం తర్వాతే. దానికి ఆరేళ్ళ ముందు, 1972లో ఈస్టర్న్ 401లో ముగ్గురికి ముగ్గురూ కాలిపోయిన ఒక బల్బు వెనక పడ్డారు. ఆటోపైలట్ ఎత్తు పట్టు విడిచిన సంగతి ఒక్కరూ చూడలేదు, విమానం దిగిపోతూ నేలకు తగిలింది. కాబట్టి మూడో మనిషి ఉంటే అన్నీ ఆగిపోయేవన్న పాట నేను పాడను.

పని ఎటు పోయిందంటే, కొంత యంత్రానికి, కొంత పైలట్లకు, కొంత నేల మీదికి. ఇప్పుడు ఇంజన్ సమాచారం ఏకార్స్ అనే డేటా రేడియో ద్వారా గాల్లోంచే మెయింటెనెన్స్ కంట్రోల్‌కు వెళ్తుంది. బయల్దేరే ముందు విమానం చుట్టూ తిరిగి టైర్లు, వేగం కొలిచే పీటో ట్యూబ్‌లు చూసే పని పైలట్‌కు వచ్చింది. ఇప్పుడు క్రూజ్‌లో ఒక్క పైలట్ చాలేమోనన్న చర్చ నడుస్తోంది. ఇప్పటి కాక్‌పిట్లతో అది ఇద్దరున్నంత భద్రమని చూపించలేమని యూరప్ విమాన భద్రతా సంస్థ ఈఏఎస్ఏ అధ్యయనం తేల్చింది.

మన సైనిక విమానాల్లో ఈ మార్పు కళ్ళకు కడుతుంది. వాయుసేన ఐఎల్-76, ఏఎన్-32లలో ఫ్లైట్ ఇంజనీర్ ఉంటాడు. 2011లో వచ్చిన సీ-130జేలో ఇద్దరు పైలట్లు, లోడ్‌మాస్టర్. పాత సీ-130లో ఉండే నావిగేటర్, ఇంజనీర్ ఇద్దరూ లేరు. నేవీలో అరక్కోణం రాజాలి స్థావరంలో ఇంజనీర్ ఉన్న పాత నిఘా విమానాలు టీయూ-142లు ఎగిరిన చోటే, ఇద్దరు పైలట్ల 737 మీద కట్టిన పీ-8ఐలు 2013 నుంచి ఎగురుతున్నాయి.

ఆ టీయూ-142ల్లో ఒకటి ఇప్పుడు విశాఖ బీచ్ రోడ్డులో మ్యూజియంగా ఉంది. నాలుగు ఇంజన్లు, ఒక్కోదానికి ఎదురెదురు తిరిగే జంట ప్రొపెల్లర్లు, మొత్తం 32 రెక్కలు. బయట నిలబడి రెక్కలు లెక్కపెట్టి ఫొటో దిగి వచ్చేస్తారు అందరూ. ఈసారి వెళ్ళినప్పుడు లోపలికి ఎక్కండి. నాలుగు ఇంజన్ల మీటర్లలో ఒకే కొలతకు చెందినవి వరసగా ఎలా పేర్చారో గమనించండి. నాలుగు ముళ్ళూ ఒకే దిక్కు చూస్తుంటే అంతా క్షేమం. ఒకటి పక్కకు చూస్తుంటే అంకె చదవకుండానే కన్ను అక్కడ ఆగుతుంది. మీలో డిస్‌ప్లే డిజైన్ ప్రాజెక్టు తీసుకున్నవాళ్ళుంటే దాన్ని కాగితం మీద గీసుకుని రండి, వచ్చే క్లాసులో అక్కణ్ణుంచి మొదలుపెడదాం.